పట్టీకి తెలియని మోకాలు

మోకాలి చిప్ప విరిగి కోలుకుంటున్నవారు గానీ, వారిని చూసుకుంటున్నవారు గానీ ఇది చదువుతుంటే, ముందుగా ఒక మాట. ఇందులో వైద్య సలహా లేదు. ఇది ఒక మోకాలికి ఒక్కసారి జరిగిన సంగతి. దీని నుంచి అందరికీ వర్తించే సూత్రం తీయడానికి నా వృత్తి ఒప్పుకోదు. కొలత పరికరాలను సరిచూసే ప్రయోగశాలలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. థర్మామీటర్లు, త్రాసులు, పీడనాన్ని చూపే మీటర్లు మా బల్ల మీదికి వస్తాయి. ప్రతి పరికరమూ ఎంతో కొంత తప్పు చెబుతుంది. ఆ తప్పు ఎంతో కనిపెట్టి, కాగితం మీద రాసి, సంతకం పెట్టడం మా పని. నా కాలికి కట్టిన పరికరం విషయంలో కూడా ఆ పనే చేశాను. ఒక్కటి మాత్రం సరిచూడలేదు.

జూన్

మా ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, స్టూడియో గోడ వెంట పల్లానికి దిగే సందులో ఉంది. మొదటి వాన పడిన సాయంత్రం ఆటో దిగి, ఒక ప్రొడక్షన్ ఆఫీసు ముందు పరిచిన నున్నటి గ్రానైటు మీద అడుగు వేశాను. కాలు జారింది, మడిచిన మోకాలు మెట్టు అంచుకు తగిలింది. చేతితో తడిమితే చిప్ప ఉండవలసిన చోట గుంట, దానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క తగిలాయి. రెండు ముక్కలైందని ఆటో అతనికి నేనే చెప్పాను.

"మీరు డాక్టరా అమ్మా?" అని అడిగాడు.

కాదన్నాను. అతను ఆటోను బంజారా హిల్స్‌లో ఆస్పత్రికి తిప్పాడు.

ముక్కలను తీగతో బిగించి కట్టారు. మత్తు దిగాక మోకాలి బయటి వైపు అరచేయి వెడల్పు మేర చర్మానికి స్పర్శ లేదని గమనించాను. కోత పెట్టినప్పుడు సన్నని నరాలు తెగుతాయనీ, స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చుననీ డాక్టరు చెప్పారు. పెరుగుతోందో తగ్గుతోందో చూద్దామని ఆ మొద్దుబారిన మేర చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసుకున్నాను. కొద్ది రోజులకు గీత చెరిగిపోయింది. మళ్ళీ గీయలేదు. నా పద్ధతులు తెలిసినవారికి అప్పుడే అనుమానం రావలసింది.

ఇంట్లో ముగ్గురం. నా భర్త మురళి సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరు; నెలలో సగం రోజులు అవుట్‌డోర్‌లోనే ఉంటారు. మా అత్తయ్య శేషారత్నం వయసు డెబ్భై దాటింది. సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో ఆమె గ్రూప్ డాన్సరు. ఆ తరవాత పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చేశారు. ఆస్పత్రి మెట్లు దిగేటప్పుడు నా మోచేయి పట్టుకొని "వన్, టూ, త్రీ..." అంటూ దించారు. ఎనిమిది అయ్యాక తొమ్మిది అనలేదు, మళ్ళీ వన్ దగ్గర మొదలుపెట్టారు. మెట్లే కాదు, కొబ్బరికాయ తురిమినా, దుప్పటి దులిపినా ఆమె లెక్క ఎనిమిది దగ్గర తిరిగి మొదటికి వస్తుంది. పెళ్ళైన నాటి నుంచి వింటున్నాను కనుక వినడం మానేశాను.

జూలై

కాలు వంచడం మొదలుపెట్టమన్నారు. ఫిజియోథెరపిస్టు స్వప్న వారానికి ఒకసారి ఇంటికి వచ్చేది. సిద్దిపేట వైపు అమ్మాయి, చేతులు గట్టివి. మిగిలిన రోజుల కోసం క్లినిక్ వాళ్ళు రెండు పట్టీలు ఇచ్చారు. ఒకటి తొడకు, ఒకటి పిక్కకు కట్టుకోవాలి. వాటిలోని సెన్సర్లు కదలికను పసిగట్టి మోకాలు ఎంత వంగిందో, ఎన్నిసార్లు వంగిందో ఫోనుకు పంపుతాయి. మొత్తం చేస్తే ఆకుపచ్చ చుక్క, కొంతే చేస్తే పసుపు, చేయకపోతే ఎరుపు. ఆ చుక్క డాక్టరు దగ్గరా కనిపిస్తుంది, మురళి ఫోన్‌లోనూ కనిపిస్తుంది.

కట్టుకునే ముందు నేను వాటిని పరీక్షించాను. ఒక పట్టీని స్నానాల గది తలుపుకు, ఇంకొకదాన్ని గుమ్మానికి అతికించి, కోణం కొలిచే కొలబద్దను పక్కన పెట్టుకొని, ఊతకర్రతో తలుపును తెరిచాను, మూశాను. రెండు మూడు డిగ్రీల తేడా ఉంది. ఇంటి అవసరానికి చాలు. పదోసారి మూయగానే ఫోను టింగుమని, "చాలా బాగా చేశారు, ఇలాగే కొనసాగించండి" అంది.

అత్తయ్య వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఎవర్నంటోంది?"

"తలుపుని."

"పోనీలే పాపం, దాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఇప్పటిదాకా లేరు," అన్నారు.

నేనూ నవ్వాననే గుర్తు. చాలాకాలం వరకు అదే చివరిసారి.

మొదట్లో కొన్నాళ్ళు నిజంగానే చేశాను. మంచం మీద కూర్చొని మడమను వెనక్కి లాగితే నలభై డిగ్రీల దగ్గర మోకాలు ఆగిపోయేది. అంతకు మించి లాగితే లోపల ఏదో చిరుగుతున్నట్టు ఉండేది. అత్తయ్య ఎదురుగా కుర్చీలో కూర్చొని రెప్ప వేయకుండా నా కాలినే చూసేవారు. జాలిపడుతున్నారనుకున్నాను.

ఆస్పత్రిలో ఎదురుచూసే గదిలో ఒకరోజు, చేయి మెడకు వేలాడదీసుకున్న ఒక సినిమా ఫైటరు తన పక్క కుర్చీని కాలితో నా ముందుకు నెట్టాడు. "కాలు దీనిమీద పెట్టుకోండమ్మా. ఈ గదిలో కుర్చీలన్నీ నాకు తెలుసు, ఊగనిది ఇదొక్కటే," అన్నాడు. పేరు అడగలేదు. ఆ రోజుల్లో ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు.

ఆగస్టు

మానేశాను. ఎందుకని తరవాత స్వప్న అడిగింది, మురళి అడిగారు, నన్ను నేను కూడా అడిగాను. నొప్పికి భయపడి కాదు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే కిటికీలో స్టూడియో గోడ కనిపించేది. సాయంత్రం కూడా అదే గోడ కనిపించేది. మధ్యలో ఏదైనా జరగాలన్న కోరిక ఉండేది కాదు. ఏడుపు వస్తే ఎవరైనా పట్టించుకునేవారేమో, అదీ రాలేదు. మోకాలి పక్కన అరచేయంత ఉన్న మొద్దుతనం లోపలికి పాకిందని అప్పట్లో అనుకునేదాన్ని. శాస్త్రం ప్రకారం అది అర్థం లేని మాట. ఇంతకంటే సరైనది దొరక్క ఇక్కడ రాస్తున్నాను.

నాకొక సాకు కూడా ఉండేది. తలుపును మెచ్చుకునే యంత్రం కోసం నేనెందుకు కాలు వంచాలి? ప్రశ్నలో తర్కం లేదు. పట్టీ విలువ వేరు, వంచడం విలువ వేరు. వేరొకరు ఈ రెంటినీ కలిపి మాట్లాడితే నేనే తప్పు పట్టేదాన్ని.

రాజమండ్రి వైపు షూటింగులో ఉన్న మురళి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు.

"మళ్ళీ రెడ్ చూపిస్తోంది వసుధా. ఈ వీక్‌కి అరవై డిగ్రీలు అనుకున్నాం. ఇట్లా స్లిప్ అయితే మొత్తం షెడ్యూల్ వెనక్కి జరిగిపోతుంది."

"ఇది షూటింగ్ కాదండీ."

"నేనూ అదే చెప్తున్నా. షూటింగ్ అయితే ఇంకోళ్ళని పెట్టి లాగించేవాణ్ణి."

నేను ఫోను అత్తయ్యకు ఇచ్చేసి గోడవైపు తిరిగేదాన్ని. కొన్నాళ్ళకు ఆ ఫోన్లు మెత్తబడ్డాయి. "గుడ్, ఇట్లాగే కానివ్వు," అనేవారు. ఆయన విసిగిపోయి మాట మార్చారనుకున్నాను. పట్టీలు ఫ్రిజ్ మీద చార్జింగ్‌లో ఉండేవి. వాటిని ఎవరు తీస్తున్నారో, ఎవరు పెడుతున్నారో చూడలేదు.

స్వప్న వచ్చినప్పుడు మాత్రం ఆమె చేతుల కింద నా కాలు కదిలేది. "జర ఓపిక పట్టండి మేడం. గట్ల తుంటి లేపొద్దు, మడమ గుంజండి," అనేది. కొలబద్ద పెట్టి చూసి తల గోక్కునేది. "ఫోన్ల మంచిగ కనిపిస్తుంది. రోజు చేస్తున్రు. మరి ఎందుకు వంగుతలేదో నాకైతే సమజైత లేదు."

ఆమె ఏ రోజుల గురించి అంటోందని నేను అడగలేదు.

సెప్టెంబరు

డాక్టరు తన టాబ్లెట్ మీద వారాల వరుసను చూపించారు. ఆగస్టు మొదట్లో కొన్ని ఎరుపు, ఆ తరవాత అన్నీ ఆకుపచ్చ చుక్కలు.

"వసుధ గారూ, మీ అంత రెగ్యులర్‌గా చేసేవాళ్ళు తక్కువండీ. కానీ యాంగిల్ చూడండి, ఫార్టీ దగ్గరే ఆగిపోయింది. ఎక్సర్‌సైజ్ చేయకపోవడం వల్ల బిగుసుకుందంటే చేయమని చెప్తాను. ఇంత చేసినా కదలట్లేదంటే లోపల అతుకులు పడ్డాయని అర్థం. మత్తు ఇచ్చి మేమే వంచాలి."

వంచేటప్పుడు అతికిన చిప్ప మళ్ళీ విరిగే అవకాశం ఉందా అని అడిగాను.

"తక్కువ. కానీ లేదనను."

ఫోను స్పీకరులో ఉన్న మురళి, "డేట్ ఇచ్చెయ్యండి సార్, లాక్ చేసుకుందాం," అన్నారు.

ఆ చుక్కలు నావి కావని చెప్పవలసిన చోటు అదే. నా నోట మాట రాలేదు. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం లేదు. ఎవరి మోకాలి గురించో మాట్లాడుకుంటున్నట్టు వింటూ కూర్చున్నాను. అత్తయ్య నా పక్కన చేతిసంచీ జిప్పును తెరుస్తూ, మూస్తూ ఉన్నారు. నెలాఖరులో ఒక రోజు ఖాయమైంది.

ఇంటికి వచ్చాక పాత అలవాటు ఒకటి మేలుకొంది. ధైర్యమో, బతకాలన్న కోరికో అని దానికి పెద్ద పేరు పెట్టను. ఒక పరికరం లేని కదలికను నమోదు చేస్తోంది. ఎందుకో తెలియాలి, అంతే. పక్క మీద పొర్లడాన్ని లెక్కపెట్టిందనుకుందామంటే పట్టీలు నా ఒంటి మీదే లేవు. స్వప్న వచ్చినప్పుడు చుక్కలు కాకుండా, వాటి వెనక ఉండే అసలు గీతలను చూపించమన్నాను.

"అవి ఎవరు చూడరు మేడం," అంటూనే తెరిచింది.

నలభై డిగ్రీలకు లేచి దిగే అలలు. ప్రతి అల చివర సన్నని వణుకు. నొప్పితో మోకాలు వంచేవారికి ఒక్కోసారికీ ఆలస్యం పెరగాలి. పదోది మొదటిదానిలా ఉండదు. ఇక్కడ అన్నీ ఒకే నిడివిలో ఉన్నాయి. ఇంకొకటి కూడా కనిపించింది. రోజూ పదిసార్లు చేయాలి. ఈ మధ్య ఏ రోజు గీత చూసినా ఎనిమిది అలలు, ఒక చిన్న విరామం, తరవాత రెండు.

స్వప్న వెళ్ళాక వంటగదిలోకి కుంటుకుంటూ వెళ్ళాను. అత్తయ్య ముక్కాలి పీట మీద కూర్చొని తోటకూర కాడల పీచు తీస్తున్నారు.

"అత్తయ్యా, పట్టీలు మీరు కట్టుకున్నారా?"

ఆమె చేతులు ఆగాయి. కాదనలేదు.

"తలుపు చేస్తే ఒప్పుకుంది కదమ్మా. నేను చేస్తే ఒప్పుకోదా అనుకున్నాను."

"ఎందుకు?"

"రోజూ వాడు ఫోన్లో నాలుగు మాటలనడం, నువ్వు గోడకేసి తిరిగి పడుకోవడం. ఎన్నాళ్ళని చూస్తాను? ఆ ఎర్రచుక్క పోతే వాడు నోరు మూసుకుంటాడు. నీకు ఓపికొచ్చాక నువ్వే అందుకుంటావులే అనుకున్నా." కాడను పళ్ళెంలో పడేశారు. "మా రోజుల్లో హీరోయిన్‌కి జ్వరమొస్తే షూటింగ్ ఆపేవాళ్ళు కాదు. మా కాళ్ళు పెట్టి తీసేసేవాళ్ళు. ఆవిడ కోలుకున్నాక మొహం తీసుకునేవాళ్ళు. చూసేవాళ్ళకేం తెలుస్తుంది? నేను ఎన్ని పాటల్లో ఉన్నానో నా మొగుడికే తెలీదు. అన్నీ మోకాళ్ళ కిందికే."

"మరి మీ కాలు పూర్తిగా వంగుతుంది కదా. నలభై దగ్గరే ఎందుకు ఆపారు?"

ఈ ప్రశ్నకు ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

"డూపంటే ఏమనుకున్నావు? మనకొచ్చింది చెయ్యడం కాదమ్మాయ్, ఆవిడెలా చేస్తుందో అలా చెయ్యాలి. నువ్వెంత వంచావో కళ్ళారా చూశాను. అంతే వంచాను. అక్కడికొచ్చాక కాస్త వణికించాను కూడా."

అంత చక్కగా చేశారు కనుకనే డాక్టరు నమ్మారు. తన మోకాలిని తనకు వంగినంతా వంచి ఉంటే, స్వప్న కొలబద్దకూ ఫోనుకూ పొంతన లేక ఆ వారమే బయటపడేది. ఈ మాట చెప్పాను. ఆమె పళ్ళెం పక్కకు జరిపారు.

"మొన్న డాక్టరు విరుగుతుందేమో అన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు."

"నాకూ రాలేదు," అన్నాను.

మరునాడు ఇద్దరం వెళ్ళాం. రానక్కర్లేదంటే, "తప్పు టేక్ ఇచ్చింది నేను కదా," అని పట్టుచీర కట్టుకొని బయలుదేరారు. చెప్పిందంతా విని డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ వయసెంతండీ?"

"డెబ్భై రెండు."

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"మీ టాబ్లెట్‌లో చూశారుగా."

ఆయనకు నవ్వు వచ్చింది, అయినా నవ్వలేదు. "అమ్మా, ఆ రికార్డు నమ్మి నేను మీ కోడలి కాలు వంచేవాణ్ణి," అన్నారు. ఆ తేదీ కొట్టేసి, దసరా తరవాత రమ్మన్నారు. అప్పటికీ మోకాలు కదలకపోతే మత్తు తప్పదన్నారు.

ఆ సాయంత్రం మురళికి ఫోనులో చెప్పాం. అవతల జనరేటరు మోగుతోంది. "యాప్ నా ఫోన్లోంచి తీసేస్తున్నా," అన్నారు. ఆగి, "వసుధా, వంచితే ఎక్కడ నొప్పి?" అని అడిగారు. ఇన్ని నెలల్లో డిగ్రీలు అడిగారు గానీ ఇది అడగలేదు. చెప్పడానికి ముందు నేనూ ఆలోచించుకోవలసి వచ్చింది.

అక్టోబరు

అత్తయ్య ఎదుటి కుర్చీలో కూర్చొని, పట్టీలు నా కాలికే వదిలేసి, నాతో పాటు తన కాలు వంచేవారు. నేను ఆగిన చోట ఆగేవారు కాదు, ఇంకొంచెం ముందుకు వెళ్ళి అక్కడ నాకోసం చూసేవారు. లెక్క ఆమెదే. "సెవెన్, ఎయిట్," అని అలవాటుగా ఆగిపోయేవారు. తొమ్మిదీ పదీ నేనే చెప్పుకోవాలి. ఆ రెండే అన్నిటికంటే కష్టం. ఒకరోజు తొమ్మిది దగ్గర కాలు వదిలేసి, "మీకు ఎనిమిది దాటి లెక్క రాదా?" అని గట్టిగా అరిచాను.

ఆమె బెదరలేదు. "హమ్మయ్య, నోరు లేచింది," అన్నారు.

కోలుకోవడం ఆ రోజు మొదలైందని రాస్తే కథ బాగుంటుంది. నా దగ్గర ఆధారం లేదు. మరునాడు కూడా గోడే కనిపించింది, కాలు వంచాలనిపించలేదు. అయినా వంచాను.

ఇంట్లో ఇలాంటి పట్టీ ఉన్నవారికి నేను చెప్పగలిగినది ఇంతే. అది అబద్ధం చెప్పదు. తనను కట్టుకున్న కాలు ఎంత కదిలిందో చెబుతుంది. ఆ కాలు ఎవరిదో దానికి తెలియదు. చేయలేకపోయిన రోజున ఎర్రచుక్కను ఎర్రగానే ఉండనివ్వండి. వైద్యుడు చూడవలసింది అదే. ఇంట్లోవారు ఆ చుక్కను చూసి కోప్పడకుండా ఉంటే దాన్ని దాచవలసిన అవసరం ఎవరికీ రాదు.

దసరా వెళ్ళాక మళ్ళీ అదే ఎదురుచూసే గదికి వెళ్ళాం. ఊగని కుర్చీ ఖాళీగా ఉంది. డాక్టరు టాబ్లెట్ తెరిచి ముఖం చిట్లించారు. పసుపు చుక్కలు, మధ్యమధ్యన ఎరుపు, ఆకుపచ్చ అక్కడొకటి ఇక్కడొకటి. గీతలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. చివరి అలలు మొదటివాటికి రెట్టింపు పొడవు.

"స్కోరు బాగా పడిపోయిందే," అన్నారు.

"అవి నావండీ," అన్నాను.

ఆయన టాబ్లెట్ పక్కన పెట్టి, లేచి వచ్చి, నా మడమ పట్టుకొని వెనక్కి తోశారు. మోకాలు నలభై దాటింది, అరవై దాటింది. అక్కడ నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన ఆగలేదు. తొంభైకి కొంచెం ఇవతల ఆగి కొలబద్ద పెట్టి చూశారు.

"మత్తు అక్కర్లేదు. చేస్తూ ఉండండి."

వ్యాయామం వల్లే వంగిందా, కాలం గడవడం వల్లనా అని అడిగాను. పోల్చి చూడటానికి మీకు ఇంకొక విరిగిన మోకాలు లేదు కదా అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

తిరిగి వస్తుంటే ఆటో ఫిల్మ్ నగర్ పల్లంలోకి దిగుతోంది. అత్తయ్య నా మోకాలి మీద చేయి వేసి, పడకుండా పట్టుకున్నట్టు అదిమారు. ఆ చేయి సగం మొద్దుబారిన చోట పడింది. సగం చేయి మాత్రమే తెలిసింది. మిగిలిన సగాన్ని కళ్ళతో చూసుకుంటూ ఇంటిదాకా వచ్చాను.